ఆ గీత మీద నేను కొట్టలేదు

నేను చెప్పాల్సిన మాట చిన్నదే. ఒక్క ఊపిరిలో అయిపోతుంది. కానీ పదిహేడేళ్లుగా అది నా లోపలే బరువుగా కూర్చుని ఉంది. రోజూ నాతోపాటే నిద్ర లేచింది, నాతోపాటే దుకాణం తెరిచింది, నేను అన్నం కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చుంది.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. మధ్యలో నేను ఆగిపోతే లేచి వెళ్లొద్దని ఆ పిల్లకు ముందే చెప్పాను. నా పేరు చెప్పను. తెలియాల్సినవాళ్లకు పేరు లేకుండానే తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ల మొహం చూస్తూ ఈ మాట చెప్పలేకపోయాను. ప్రయత్నించాను కాబట్టే అంటున్నాను.

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో మాది సైకిల్ దుకాణం. పెట్టింది మా ఆయన. ఆయన పోయాక నేను నడిపాను. ఆడమనిషి పంచరు వేస్తుంటే మొదట్లో జనం ఆగి చూసేవాళ్లు. మా మరిది అయితే మొహం మీదే అన్నాడు. "గా పానా కింద పెట్టి ఇంట్ల కూసో వదినా, ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్‌కు పంచరైతె గూడ నేనే ఏస్త గని, నువ్వు జెర ఆ పంపు ఇటియ్యి" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. కానీ ఆ రోజు నుంచి ఒక పట్టుదల పుట్టింది. నా పనిలో ఎవరూ తప్పు పట్టకూడదు. ఎప్పుడూ పట్టకూడదు. ఇప్పుడు వెనక్కి చూస్తే, చెడంతా అక్కడే మొదలైందేమో అనిపిస్తుంది.

నా చెవి గురించి చెప్పాలి. మా ఆయన పాత సైకిల్ కొనే ముందు ఫ్రేము పైపుల పొడుగునా పానా కొసతో కొట్టి వినేవాడు. మంచి ఇనుము మోగుతుంది. లోపల తుప్పు తిన్న చోట, అతుకు విడిచిన చోట ఆ మోత చచ్చిపోతుంది. నన్ను కళ్లు మూసుకోమని కొట్టి, "ఏడ సచ్చిందో జెప్పు" అనేవాడు. కొన్నాళ్లకు ఆయన కంటే ముందు నేనే చెప్పేదాన్ని. ఆయన నాకు ఇచ్చి వెళ్లింది ఏదైనా ఉంటే అదే.

తర్వాత సాఫ్ట్‌వేర్ రోజులు వచ్చాయి. వారమంతా హైటెక్ సిటీ వైపు రైలెక్కి పోయే పిల్లలు ఆదివారం తెల్లారగానే గుంపుగా సైకిళ్ల మీద బయల్దేరేవాళ్లు. కొందరివి కార్బన్ సైకిళ్లు. రెండు వేళ్లతో లేపితే లేచేవి. సన్నటి దారాలను గుడ్డలా నేసి, జిగురుతో పొర మీద పొర అంటించి చేస్తారట. వాటిని పానాతో కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. రూపాయి బిళ్లతో మెల్లగా కొట్టి విన్నాను. మంచి చోట ఎండు వెదురు మీద కొట్టినట్టు టక్ టక్‌మంటుంది. లోపల పొర విడిచిన చోట తడిగోడ మీద కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. ఒకసారి ఒక ఫ్రేము పనికిరాదన్నాను. దాని సొంతదారు నమ్మక కోయించి చూశాడు. లోపల పొరలు విడిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి ఆ గుంపులో ఎవరు పాత సైకిల్ కొన్నా ముందు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను కొట్టి విని, తొక్కు అంటే తొక్కేవాళ్లు. వద్దంటే పక్కన పడేసేవాళ్లు. చదువుకున్నవాళ్లు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, నా తలకాయ ఎటు ఊగుతుందా అని చూసేవాళ్లు.

వాళ్లలో రమణ ఒకడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. యాప్రాల్‌లో ఇల్లు. ఆయన అక్క సుజాతమ్మ, బావ అప్పారావు కూడా రెండిళ్ల అవతలే ఉండేవాళ్లు. ఆదివారం వంట రెండు కుటుంబాలకూ ఒకే ఇంట్లో. అప్పారావు గారు కంపెనీ పని మీద ఒక ఏడాది జర్మనీలో ఉండి, అక్కడ కొనుక్కున్న కార్బన్ సైకిల్ వెంట తెచ్చుకున్నాడు. వచ్చాక దాన్ని బావమరిదికి ఇచ్చేశాడు. "బావ పొట్టకీ దీనికీ పడలేదమ్మా, అందుకే నాకిచ్చీసాడు" అని రమణ నవ్వేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ సైకిల్‌ని మొత్తం విప్పి శుభ్రం చేయమని నా దగ్గర వదిలి వెళ్లాడు.

మా పద్ధతి ఏమిటంటే, బల్లకు బిగించిన, మర తిప్పితే బిగుసుకునే వైస్ దవడల మధ్య ఫ్రేము పై పైపును పెట్టి, పాత ట్యూబు ముక్క చుట్టి బిగిస్తాం. చక్రాలు గాలిలో ఉంటాయి, పని తేలిక. మా ఆయన అలాగే చేసేవాడు. ఇనుప సైకిళ్లకు నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. కార్బన్‌కు అలా చేయకూడదని, సీటు కింద గొట్టాన్ని మాత్రమే పట్టాలని ఆ గుంపులో ఒకతను ఒకసారి చెప్పాడు కూడా. సరే సారూ అన్నాను. చేయలేదు. మా ఆయన చూపించిన పని మీద ఇంకొకరు వచ్చి చెప్పడమేంటని అనుకున్నాను.

పెడల్ బిగుసుకుపోయి ఉంది. పానాకు ఒక గొట్టం తొడిగి, మీద బరువంతా వేసి తొక్కాను. ఫ్రేము వైస్‌లో జారి తిరిగింది. నేను ఇంకో అర చుట్టు బిగించాను.

చిన్న చప్పుడు. ఎండు చితుకు విరిగినట్టు.

వైస్ వదులు చేసి చూశాను. సీటు దగ్గర, పై పైపు పక్కన, వెంట్రుక మందాన గీత. తడిగుడ్డతో రుద్దాను. పోలేదు. రూపాయి బిళ్ల తీసి గీతకు బెత్తెడు దూరం నుంచి కొట్టుకుంటూ వచ్చాను. టక్. టక్. టక్. గీత మీదికి రాగానే మొద్దు. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. బిళ్ల చేతిలో పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. నాకు తెలిసిపోయింది. తెలియలేదని మీతో కూడా అంటే ఇంక ఈ కాగితం ఎందుకు?

సాయంత్రం రమణ వచ్చాడు. కడిగి తుడిచిన సైకిల్ చూసి సంతోషపడ్డాడు. తర్వాత వంగి చూశాడు. బొటనవేలు సరిగ్గా గీత మీద పెట్టాడు.

"ఇదేటమ్మా? ఇంతకుముందు ఉందేటి ఇది? నేనెప్పుడూ చూడలేదు."

"మట్టి కింద కనవడలే బిడ్డా. ఇయ్యాల కడిగిన గద."

"సేఫేనా?"

రూపాయి బిళ్ల తీశాను. గీతకు ఇవతల రెండు వేళ్ల దూరంలో కొట్టాను. టక్. అవతల రెండు వేళ్ల దూరంలో కొట్టాను. టక్. గీత మీద కొట్టలేదు.

"రంగు మీది గీతనే. ఏం గాదు. తొక్కు."

ఆయన తేలిగ్గా ఊపిరి వదిలాడు. నా కళ్లెదుటే ఆ మనిషి భయం పోయింది. అది వచ్చి నాలో చేరింది.

ఎందుకు అలా చేశాను? దుకాణం పోతుందని భయమా? ఉండొచ్చు. కానీ అది పైపై మాట. ఒక్క ఫ్రేము పాడు చేశానంటే నా చెవిని నమ్మడం మానేస్తారా? మానరేమో. అయినా ఆడదానికి సైకిల్ పనేంటన్న మా మరిది మాట నిజమైపోతుందని, మా ఆయన పద్ధతి తప్పని తేలుతుందని, రేపటి నుంచి ఆ పిల్లలు నా తలకాయ వైపు చూడరని, ఇవన్నీ ఒక్క క్షణంలో నా చేతిని రెండు వేళ్ల దూరం పక్కకు జరిపాయి. పేరు కోసం ఒక మనిషి ప్రాణాన్ని రోడ్డు మీదికి పంపాను.

మరుసటి ఆదివారం గుంపు మా సందు మొగలో చాయ్ తాగడానికి ఆగింది. చెప్పేద్దామని చెయ్యి తుడుచుకుంటూ రోడ్డు దాటాను. రమణ సైకిల్ మీదే ఒక కాలు కింద పెట్టి నిలబడి, గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు. మిగతావాళ్లు చుట్టూ ఉన్నారు. "అమ్మ వచ్చింది, జరగండెహె" అన్నాడు ఒకడు. అందరూ నా వైపు తిరిగారు. "బ్రేకు మంచిగ పడ్తున్నదా సారూ?" అని అడిగి వెనక్కి వచ్చేశాను.

ఆ వారమంతా పనిచేశానంటే చేశాను. ఫోన్ మోగితే చేతిలో పానా జారేది. రమణ తొక్కే దారిలో గుంతలు లెక్కపెట్టుకునేదాన్ని. దిగుడు ఎక్కడ ఉంది, లారీలు ఎక్కడ తిరుగుతాయి, అన్నీ కళ్ల ముందు తిరిగేవి. వద్దు సారూ, ఆపు, తొక్కకు. ఇంతే చెప్పాల్సింది. నాలుగు మాటలు. ప్రతి రాత్రీ రేపు చెబుతాననుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం యాప్రాల్ వైపు దిగుడులో ఫ్రేము రెండు ముక్కలైంది. పెద్ద గుంత కూడా కాదట. రమణ మోచెయ్యి ఎముక ముక్కలు ముక్కలైంది. దవడ చీలింది. వెనక వస్తున్న ఆటో ఆగింది కాబట్టి మనిషి మిగిలాడు. ఆటో ఆగకపోతే? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో నాకే తెలియదు. ఆగింది గనక నేను చేసింది చిన్నదవుతుందా?

ఇంతవరకే అయితే బహుశా ఎప్పుడో చెప్పేసేదాన్ని. దీని తర్వాత ఇంకోటి చేశాను.

మూడు వారాలకు ముగ్గురూ నా దుకాణానికి వచ్చారు. రమణ మెడలో చేతికట్టు. సుజాతమ్మ మొహం పీక్కుపోయి ఉంది. అప్పారావు గారు దుప్పట్లో చుట్టిన విరిగిన ఫ్రేమును పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాడు.

"మీరే చూసి చెప్పండమ్మా" అంది సుజాతమ్మ. "వీళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూడట్లేదు. ఇంట్లో అన్నం సయించట్లేదు నాకు."

"చూడ్డానికేటుంది?" అన్నాడు రమణ. దవడ సరిగా కదలక మాట నలిగి వస్తోంది. "జర్మనీలో బావ దీని మీంచి పడ్డాడంట. ఆ సంగతి హాస్పిటల్లో ఉన్నప్పుడు తెలిసింది నాకు. ఇచ్చినప్పుడు చెప్పాలా వద్దా?"

"గడ్డిలో పడ్డాన్రా. మోకాలు గీరుకుంది, అంతే. సైకిలుకేటీ అవ్వలేదు."

"నీ మోకాలు సంగతి నాకెందుకు బావా? నా చెయ్యి చూడు."

"నేను కావాలని విరిగింది ఇస్తానేట్రా నీకు?"

"ఇచ్చావో లేదో అమ్మ చెప్తాది."

అప్పారావు గారు నా వైపు తిరిగాడు. "చెప్పండమ్మా. ఇది పాత పగులా, కొత్త పగులా? మీరేటంటే అదే. నేను మరి మాట్లాడను."

విరిగిన అంచును చేతిలోకి తీసుకున్నాను. పాత పగులైతే లోపల మురికి చేరి నల్లగా ఉంటుంది. ఇది శుభ్రంగా ఉంది. అంచు పక్కనే, రంగు మీద, ట్యూబు రబ్బరు అంటిన మచ్చ. సగం చందమామలాగా. నా వైస్ దవడ ముద్ర. ముగ్గురి కళ్లూ నా చేతి మీదే ఉన్నాయి. నా బొటనవేలు తనంత తానే జరిగి ఆ మచ్చను కప్పింది. తనంత తానే అంటున్నాను. అబద్ధం. నేనే జరిపాను.

"పాతదే సారూ. లోపటి పొర ఎప్పుడో ఇడిశింది. పైకి రంగు మీది గీత లెక్కనే కనవడ్డది. నా చెవికి సుత దొర్కలే."

"కచ్చితంగానా అమ్మా?"

ఆ ప్రశ్న అప్పారావు గారు మెల్లగా అడిగాడు. కోపం లేదు. ఇప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది. నిజం చెప్పడానికి నాకోసం తలుపు తీసి పట్టుకున్నట్టు ఉంది.

"కచ్చితంగనే సారూ."

సుజాతమ్మ తన మొగుడి వైపు చూసింది. అప్పటిదాకా ఆమె ఎవరి వైపూ లేదు. ఆ చూపుతో ఆ ఇల్లు రెండైంది. రమణ బయటికి నడిచాడు. అప్పారావు గారు ఫ్రేము వైపు చూసి, "అయితే నేనేనన్నమాట" అన్నాడు. నాతో కాదు. తనతోనే అనుకున్నాడు. "దీన్ని ఇంటికి తీసుకెళ్లలేనమ్మా. మీ దగ్గరే ఉంచీండి."

వాళ్లు వెళ్లగానే షట్టర్ సగం దించి, రంపంతో ఆ మచ్చ ఉన్న చోటు కోసేశాను. ముక్కలు పాత సామాన్లవాడికి ఇస్తే తిప్పి తిప్పి చూశాడు. "ఇనుము గాదు, ప్లాస్టిక్ గాదు. ఏం జేస్కోవాలక్కా దీన్ని?" అని వదిలేసి పోయాడు. సంచిలో కట్టి మార్కెట్ చెత్తకుండీలో పడేసి వచ్చాను. చేతులు మూడుసార్లు కడిగాను.

రమణ మోచెయ్యి ఇప్పటికీ సాపు కాదు. బావతో మాట లేదు. బావ ఇంట్లో ఉన్నంతకాలం అక్క గడప తొక్కనన్నాడు, తొక్కలేదు. ఏడాది తిరక్కముందే సుజాతమ్మ వాళ్లు అదే యాప్రాల్‌లో దూరంగా వేరే ఇంటికి మారిపోయారు. ఆదివారం ఉమ్మడి వంట ఆగిపోయింది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, రమణ నా దగ్గరికి రావడం మానలేదు. పండగకు స్వీట్ల డబ్బా తెస్తాడు. పిల్లవాడి సైకిల్ నా దగ్గరే బాగుచేయిస్తాడు. వచ్చినప్పుడల్లా నన్ను అమ్మా అంటాడు. అది శిక్ష అని వాడికి తెలియదు.

మొన్న మాఘంలో సుజాతమ్మ కూతురి పెళ్లి. మీకు తెలుసు కదా, పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి తీసుకువస్తాడు. ఆ పిల్లకు సొంత మేనమామ ఒక్కడే. ముహూర్తం పదకొండున్నరకు, యాప్రాల్‌లోనే ఏదో ఫంక్షన్ హాల్లో. పదిన్నరకు ఆ మేనమామ నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు సైకిల్‌కు గాలి కొట్టించాలట. గాలి వాడి ఇంటి పక్క కూడా దొరుకుతుంది.

"పెండ్లి ఇయ్యాలనే గద సారూ?" అన్నాను.

"బుట్ట పట్టడానికి వరసకి తమ్ముడొకడు దొరికాడంటమ్మా అక్కకి." కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో మోచెయ్యి రుద్దుకుంటున్నాడు. "చిన్నప్పుడు ఆ పిల్ల నా భుజం దిగేది కాదు. పోనీలెండి. ఆ రోజు మీరు చెప్పబట్టి తెలిసింది. లేకపోతే ఆ మనిషిని ఇంకా నమ్ముతూనే ఉండేవాణ్ని."

గోడ మీద గడియారం చూశాను. ఆటో ఎక్కితే అరగంట. ఇప్పుడు చెబితే అందుతాడు. తిట్టినా, కొట్టినా, దుకాణం తగలబెట్టినా సరే, అందుతాడు. పంపు వదిలేసి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"సారూ, ఒక మాట..."

"చెప్పమ్మా."

తల ఎత్తి చూశాడు. పదిహేడేళ్ల కింద, సేఫేనా అని అడిగినప్పుడు చూసినట్టే చూశాడు. ఏం చెప్పినా నమ్మే చూపు.

"ముందు చక్రంల గాలి జెర తక్కువ కొట్టిన. ఎండకు పగుల్తది."

"మంచిదమ్మా" అన్నాడు.

పదకొండున్నర అయ్యేదాకా కూర్చుని, అప్పుడు లేచి వెళ్లాడు. నేను ఆపలేదు.

వైస్‌లో పైపు నలిపింది విరుగుతుందని తెలియక, మొండిగా చేసిన తప్పు. దానికి ఏ మనిషైనా నన్ను వదిలేస్తాడు. మిగతావి తెలిసి చేశాను. మొన్నటిదైతే చేతిలో గంట సమయం పెట్టుకుని చేశాను. అందుకే క్షమించమని అడగను. పెళ్లి మళ్లీ జరగదు. బుట్ట మళ్లీ లేవదు. ఈ కాగితం వాళ్ల చేతికి చేరితే రమణ నన్ను ఇంకెప్పుడూ అమ్మా అనడు. అనకూడదు కూడా.

ఒక్కటి మిగిలింది. ఇది అప్పారావు గారికి.

సారూ, ఆ శనివారం రమణ సైకిల్ వదిలి వెళ్లాక, వైస్‌లో పెట్టకముందు, అలవాటు కొద్దీ నేను దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టి విన్నాను. ఎక్కడా మోత చావలేదు. మీరు మీ బావమరిదికి ఇచ్చింది మంచి సైకిల్. ఆ సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.

చెప్పాను. రాస్తున్న పిల్ల పెన్ను ఆపి నా వైపు చూస్తోంది. చూడనీ.